రామన్ పేరు అందరికీ తెలుసు.. మరి లోకసుందరి?

ఫిబ్రవరి 28 వచ్చిందంటే కేజీఎఫ్ వాళ్లకు రెండు సంగతులు గుర్తుకొస్తాయి. ఒకటి దేశమంతా జరుపుకునే జాతీయ విజ్ఞాన దినోత్సవం. 1928లో అదే రోజున కలకత్తాలో సర్ సి.వి.రామన్ కాంతికి సంబంధించిన తన ఆవిష్కరణను లోకానికి చాటారు. రెండోది మన ఊరి సంగతి. 2001లో అదే రోజున బంగారు గనులు మూతపడ్డాయి. అందుకే ఆ రోజు మా బడిలో పిల్లలు రామన్ గురించి మాట్లాడుతుంటే, వినడానికి వచ్చిన తాతలు ఓ పక్కన కూచుని గని సైరన్ గురించి చెప్పుకుంటూ ఉంటారు.

కొన్నేళ్ల కిందట అలాంటి కార్యక్రమంలోనే ఎనిమిదో తరగతి అబ్బాయి రామన్ దినచర్య చదివాడు. ఉదయం ఐదున్నరకే పరిశోధనశాలకు వెళ్లడం, పది కావస్తుండగా ఇంటికొచ్చి స్నానం, భోజనం గబగబా ముగించుకుని ఆఫీసుకు పరుగెత్తడం, సాయంత్రం ఐదింటికి ఆఫీసు వదలగానే మళ్లీ పరిశోధనశాల, రాత్రి పది ప్రాంతంలో ఇల్లు. ఆదివారమైతే రోజంతా అక్కడే. పిల్లలు చప్పట్లు కొట్టారు. మేమూ కొట్టాము. "చూశారా, అంత కష్టపడితేనే నోబెల్ బహుమతి వచ్చేది" అని అలవాటు ప్రకారం ఒక మాట చేర్చాము.

వెనక వరుసలో కూచున్న తొమ్మిదో తరగతి అమ్మాయి చెయ్యెత్తింది.

"టీచర్, ఆయన పదింటికొచ్చి తినేసి పోతే ఆ పొద్దుకి వంట చేసిపెట్టిందెవరు? రాత్రి పదింటిదాకా అన్నం కాడ కాసుకోని ఉండిందెవరు?"

"ఇంకెవరమ్మా, ఆయన భార్య."

"ఆయమ్మ పేరేంది టీచర్?"

మా దగ్గర జవాబు లేదు. బీఈడీ చేసి ఇరవై ఏళ్లకు దగ్గరగా పాఠాలు చెబుతున్నాము. రామన్ పుట్టిన తేదీ, బహుమతి వచ్చిన ఏడాది, చనిపోయిన తేదీ అన్నీ నోటికి వచ్చు. ఆ ఒక్క పేరు మాత్రం రాదు. "రేపు చెబుతాలేమ్మా" అని ఆ పూటకు తప్పించుకున్నాము. ఇంటికెళ్లి వెతికాము. ఆ పేరు లోకసుందరి. వెతికే కొద్దీ తెలిసిన సంగతులు ఆ అమ్మాయికి చెప్పడానికే కాదు, మన బడుల తల్లిదండ్రులకూ తోటి ఉపాధ్యాయులకూ చెప్పాలనిపించింది. ఎందుకో చివరిదాకా చదివితే మీకే తెలుస్తుంది.

వీణ వినిపించిన ఇల్లు

రామన్ తమిళ కుటుంబంలో పుట్టినా పెరిగింది మన విశాఖపట్నంలో. తండ్రి చంద్రశేఖర అయ్యర్ అక్కడి ఏవీఎన్ కళాశాలలో లెక్కలు, భౌతికశాస్త్రం చెప్పేవారు. రామన్ పదకొండేళ్లకే విశాఖలో మెట్రిక్ గట్టెక్కారు. ఇంట్లో తమిళం, వీధిలో తెలుగు, బడిలో ఇంగ్లీషు. మన కోలారు పిల్లలకు ఇది కొత్త కాదు. ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడం, పక్కింట్లో తమిళం అన్నట్టుగానే మనవాళ్లూ పెరుగుతున్నారు.

మద్రాసులో ఎంఏ చదివే రోజుల్లో ఒక స్నేహితుడి ఇంట్లో రామన్ వీణ విన్నారు. వాయిస్తున్న అమ్మాయి లోకసుందరి. ఆమె అప్పుడు వాయించింది త్యాగరాజస్వామి కీర్తన అని ఆ కుటుంబాన్ని ఎరిగినవాళ్లు చెబుతారు. తమిళుల ఇంట్లో తెలుగు పాట ఆ సంబంధానికి నాంది పలికిందన్నమాట. రామన్ కట్నం వద్దన్నారు. శాఖాభేదం ఉందని పెద్దలు అడ్డుచెప్పినా వినలేదు. 1907లో పెళ్లయింది. వరుడికి పద్దెనిమిదేళ్లు. వధువు ఇంకా బాలికే. అప్పటి రోజులు అలాంటివి.

ఆ ఏడాదే రామన్‌కు ప్రభుత్వ ఆర్థిక శాఖలో ఉద్యోగం వచ్చింది. ఆ శాఖలో పెళ్లయిన అధికారులకు నెలకు నూటయాభై రూపాయలు అదనంగా ఇచ్చేవారు. తన కోసం చేసుకున్నారో, ఆ నూటయాభై కోసం చేసుకున్నారో తనకు తెలియదని లోకసుందరి పెద్దయ్యాక నవ్వుతూ అనేవారట. ఆ ఒక్క మాట చాలు, ఆవిడ నోరులేని మనిషి కాదని తెలుసుకోవడానికి.

కలకత్తా ఇంట్లో గడియారం

కొత్త దంపతులు కలకత్తా చేరారు. భాష తెలియని ఊరు, చుట్టపక్కాలు లేని చోటు. ఒకరోజు రామన్ బౌబజారు వీధిలో ట్రాములో పోతూ ఒక బోర్డు చూశారు. అది 1876లో డాక్టర్ మహేంద్రలాల్ సర్కార్ స్థాపించిన భారత వైజ్ఞానిక అధ్యయన సంఘం. పెద్ద భవనం, పరికరాలు అన్నీ ఉన్నాయి గానీ పరిశోధన చేసేవాళ్లు లేరు. అక్కడ ఆశుతోష్ డే అనే సహాయకుడు తలుపు తీశాడు. ఆశుబాబు అని అందరూ పిలిచే ఆయన తర్వాత పాతికేళ్లు రామన్ పక్కనే పనిచేశాడు. ఆ తలుపు తెరుచుకున్న రోజు నుంచే ఇంతకుముందు చెప్పిన ఐదున్నర గంటల దినచర్య మొదలైంది.

ఈ దినచర్య మనకు ఎలా తెలిసిందని ఎప్పుడైనా అనుకున్నారా? రామన్ తన గడియారం గురించి రాసుకున్నదాని కన్నా, లోకసుందరి గుర్తుపెట్టుకుని చెప్పిందే ఎక్కువ. మనిషి ఎప్పుడు వెళ్లాడో, ఎప్పుడు వచ్చాడో నిమిషాలతో సహా తెలిసేది ఎదురుచూసేవాళ్లకే కదా. మా ప్రాంతపు అమ్మమ్మలకు ఇప్పటికీ గని షిఫ్టు వేళలు తప్పులేకుండా గుర్తున్నాయి. గనిలోకి దిగింది తాతలే అయినా, సైరన్ కోసం చెవి పెట్టుకుని కూచున్నది అమ్మమ్మలు.

ఉద్యోగం కలకత్తా నుంచి రంగూనుకు, అక్కడి నుంచి నాగపూరుకు, మళ్లీ కలకత్తాకు మారింది. మారిన ప్రతిసారీ ఇల్లు విప్పి, సర్ది, మళ్లీ నిలబెట్టడం ఎవరి పని? తిరిగి కలకత్తా వచ్చాక రామన్ సంఘం పక్కనే ఇల్లు తీసుకుని, ఇంట్లోంచి పరిశోధనశాలలోకి నేరుగా తలుపు పెట్టించుకున్నారు. ఆయనకు అది సౌకర్యం. ఇల్లాలికి మాత్రం ఇల్లేదో పరిశోధనశాలేదో తెలియకుండా పోయిన కాపురం. ఆ గోడకు అవతల జరిగినదాన్ని చరిత్ర రాసుకుంది. ఇవతల జరిగినదాన్ని ఎవరూ పెద్దగా రాయలేదు.

జీతం సగమైనా

1917లో రామన్ ప్రభుత్వ ఉద్యోగం వదిలేశారు. కలకత్తా విశ్వవిద్యాలయంలో భౌతికశాస్త్ర ఆచార్యుడిగా చేరారు. జీతం దాదాపు సగానికి పడిపోయింది. పెద్ద అధికారిగా ఎదిగే దారి మూసుకుపోయింది. అప్పటికి నోబెల్ బహుమతి కలలో కూడా లేదు. 'సైన్సు కోసం రామన్ త్యాగం' అని పుస్తకాల్లో రాస్తారు. జీతం సగమైతే ఆ సగంతో నెల గడపాల్సింది ఎవరో మన ఇళ్లలో ఉన్నవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. గనులు మూసిన తర్వాత మన ఊళ్లో ఎన్ని ఇళ్లు ఆడవాళ్ల చేతి లెక్కమీద నడిచాయో మనం కళ్లారా చూసినవాళ్లం.

ఆ తర్వాత పదకొండేళ్లకు ఆవిష్కరణ, మరో రెండేళ్లకు 1930లో నోబెల్. ప్రకటన రాకముందే రామన్ తనకూ భార్యకూ ఓడ టిక్కెట్లు కొనిపెట్టుకున్నారని చెప్పుకుంటారు. దీన్ని ఆయన ఆత్మవిశ్వాసానికి ఉదాహరణగా అందరూ చెబుతారు. టిక్కెట్లు రెండన్న సంగతిని మేము మాత్రం పిల్లలకు ప్రత్యేకంగా చెబుతున్నాము. స్టాక్‌హోం సభకు లోకసుందరి కూడా వెళ్లారు.

1933లో రామన్ బెంగళూరు భారతీయ విజ్ఞాన సంస్థకు డైరెక్టరుగా వచ్చారు. అంటే మన కోలారు నుంచి రెండు గంటల ప్రయాణంలో ఉన్న ఊరికి. అక్కడ సంస్థలోపల గొడవలు వచ్చి 1937లో డైరెక్టరు పదవి వదులుకున్నా, ఆచార్యుడిగా 1948 దాకా ఉన్నారు. ఆ తర్వాత సొంతంగా రామన్ పరిశోధన సంస్థ పెట్టుకున్నారు. మంచి రోజుల్లోనే కాదు, సంస్థలో వేలెత్తి చూపిన రోజుల్లోనూ ఆయన సాయంత్రం తిరిగొచ్చింది ఆ ఇంటికే. 1970 నవంబరు 21న రామన్ కన్నుమూశారు. ఆ సంస్థ ఆవరణలోనే దహనం చేసి, ఆ చోట చెట్టు నాటారు. లోకసుందరి ఇంకో పదేళ్లు బతికి 1980లో వెళ్లిపోయారు. వాళ్ల రెండో కుమారుడు రాధాకృష్ణన్ ఖగోళ శాస్త్రవేత్తగా పేరు తెచ్చుకుని అదే సంస్థకు డైరెక్టరుగా పనిచేశారు.

ఓడ ఎక్కని శేషగిరి

లోకసుందరి కథ చెప్పినప్పుడు పిల్లలకు బాగానే అనిపించింది. కష్టపడింది, చివరికి స్టాక్‌హోం చూసింది. కానీ శాస్త్రవేత్తల భార్యలందరి కథా ఇలా ముగియదు. మన తెలుగువాడి ఇంటి కథే ఇంకోటి ఉంది. అది చెప్పకపోతే సగమే చెప్పినట్టు.

యల్లాప్రగడ సుబ్బారావు 1895లో భీమవరంలో పుట్టారు. తండ్రి ముందే పోయారు. ఇల్లు గడవడమే కష్టం. మద్రాసు వైద్య కళాశాలలో చదువుకు స్నేహితులతో పాటు కస్తూరి సూర్యనారాయణమూర్తి సాయం చేశారు. ఆయన కూతురు శేషగిరిని సుబ్బారావు 1919లో పెళ్లి చేసుకున్నారు. సోదరులు ఇద్దరు స్ప్రూ అనే పేగుల జబ్బుతో చనిపోవడం సుబ్బారావు మనసులో నాటుకుపోయింది. మందు కనిపెట్టాలంటే పైచదువు కావాలి. దానికి అమెరికా వెళ్లాలి. కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ సాయానికి మామగారు కూడగట్టిన డబ్బు తోడైంది. 1920ల మొదట్లో ఆయన బోస్టన్ చేరారు. కొన్నేళ్లలో తిరిగొస్తానన్నారు. మళ్లీ రాలేదు.

అక్కడ రాత్రిపూట ఆస్పత్రిలో రోగుల పళ్లేలు శుభ్రం చేసి పగలు చదువుకున్నారు. హార్వర్డ్‌లో ఫిస్కేతో కలిసి రక్తంలో, కండరాల్లో భాస్వరాన్ని కొలిచే పద్ధతి రూపొందించారు. 1925లో వెలువడిన ఆ పద్ధతి ఇప్పటికీ ఇద్దరి పేర్లతోనే ఉంది. కండరాలకు శక్తినిచ్చే పదార్థాల గురించి లోకానికి తెలిసింది ఆ పరిశోధనలతోనే. 1940లో లెడర్లీ పరిశోధనశాలకు మారాక ఆయన నాయకత్వంలోని బృందాలు ఫోలిక్ ఆమ్లాన్ని తయారుచేశాయి. తన సోదరులను తీసుకుపోయిన స్ప్రూకి పనికొచ్చే మందు అదే. పిల్లల రక్త క్యాన్సరుకు తొలిసారి ఎదురు నిలిచిన మందులు, బోదకాలు జబ్బుకు వాడే డైఇథైల్‌కార్బమజీన్, ఆరియోమైసిన్ అనే యాంటీబయాటిక్ అన్నీ అక్కడి పనిలోంచి వచ్చినవే. 1948 ఆగస్టులో యాభై మూడేళ్లకే ఆయన నిద్రలో వెళ్లిపోయారు.

ఇక్కడ శేషగిరి ఉన్నారు. ఆయన వెళ్లాక పుట్టిన మగబిడ్డ పసితనంలోనే పోయాడు. తండ్రి ఆ బిడ్డ మొహం చూడలేదు. రాని భర్త కోసం ఆమె పాతికేళ్లు ఎదురుచూసింది. తప్పంతా ఆయనదేనా? 1924లో అమెరికా చేసిన చట్టం భారతీయుల వలసకు తలుపులు మూసింది. 1946లో గానీ మనవాళ్లకు అక్కడి పౌరసత్వానికి దారి దొరకలేదు. డబ్బు ఇబ్బంది, చదువు పిచ్చి, చట్టం మూడూ కలిసి ఆ దంపతుల మధ్య సముద్రాన్ని అలాగే ఉంచేశాయి.

శేషగిరి వంటచేసి ఎదురుచూసే ఇల్లాలిగా కూడా మిగల్లేదు. ఆమె ఇచ్చినవి పుట్టింటి డబ్బు, తన వయసు. ఫోలిక్ ఆమ్లం మాత్ర ఈ రోజు ఊరూరా గర్భిణులకు ఇస్తున్నారు. ఆ మాత్ర చేతిలోకి తీసుకున్నప్పుడు సుబ్బారావు పేరు తెలిసినవాళ్లే తక్కువ. శేషగిరి పేరు తెలిసినవాళ్లు ఇంకెంతమంది ఉంటారు? 1995లో శతజయంతికి తపాలా శాఖ సుబ్బారావు బిళ్ల విడుదల చేసింది. న్యాయమే. శేషగిరికి మాత్రం మన పాఠాల్లో ఒక వాక్యమైనా ఉండాలి.

గేటు దగ్గర ఆగిన అమ్మాయి

ఇంతవరకూ చెప్పి ఊరుకుంటే మేము ఆడపిల్లలకు ఒక తప్పు పాఠం చెప్పినవాళ్లమవుతాము. 'నువ్వూ ఇలా తోడ్పడు, మీ అన్న రామన్ అవుతాడు' అని వాళ్లకు వినిపించే ప్రమాదం ఉంది. అందుకే బెంగళూరులో జరిగిన మూడో సంగతి కూడా చెప్పాలి.

1933లో కమలా భగవత్ అనే అమ్మాయి బొంబాయి విశ్వవిద్యాలయంలో బీఎస్సీ మొదటి స్థానంలో గెలిచి, పరిశోధన చేస్తానని భారతీయ విజ్ఞాన సంస్థకు వచ్చింది. ఆడపిల్లలను చేర్చుకోనని రామన్ అన్నారు. తెల్లవారుజాము నుంచి అర్ధరాత్రి దాకా ఒక స్త్రీ శ్రమ మీద తన పరిశోధన నడుపుకున్న ఆ మనిషే, ఇంకో స్త్రీ పరిశోధన చేస్తానంటే తలుపు మూశారు. కమల వెనుదిరగలేదు. పట్టుబట్టింది. ఒక ఏడాది షరతు మీద చేర్చుకున్నారు. ఆ ఏడాది ఆమె పని చూశాక రామన్ తన మనసు మార్చుకున్నారు. ఆమె తర్వాత కేంబ్రిడ్జి వెళ్లి 1939లో డాక్టరేట్ తెచ్చుకుంది. కమలా సోహోనీగా పేరు పొందిన శాస్త్రవేత్త ఆవిడే. ఆ తర్వాత అన్నా మణి లాంటివాళ్లు రామన్ పరిశోధనశాలలోనే పనిచేశారు.

రామన్‌ను తక్కువ చేయడానికి ఇది చెప్పడం లేదు. ఎంత గొప్ప కళ్లకైనా ఇంట్లో దగ్గరగా ఉన్నది కనబడకపోవచ్చు. కాంతి చెదిరే తీరును పట్టుకున్న ఆ కళ్లకే ఇది జరిగితే, మన సంగతి ఏం చెప్పాలి?

మన గనిలోనూ అంతే

మన గని లోపల కూడా గొప్ప విజ్ఞానం జరిగింది. కాస్మిక్ కిరణాల మీద టాటా పరిశోధన సంస్థవాళ్లు ఛాంపియన్ రీఫ్ గనిలో ఏళ్ల తరబడి ప్రయోగాలు చేశారు. 1965లో జపాన్, ఇంగ్లండ్ శాస్త్రవేత్తలతో కలిసి, దాదాపు రెండు కిలోమీటర్ల మూడు వందల మీటర్ల లోతున, వాతావరణంలో పుట్టే న్యూట్రినోల జాడ పట్టుకున్నారు. అదే ఏడాది దక్షిణాఫ్రికా బంగారు గనిలో ఇంకో బృందమూ పట్టుకుంది. ప్రపంచంలో అప్పటిదాకా ఎవరికీ దొరకని జాడ అది.

అంత లోతుకు శాస్త్రవేత్తలు ఎలా దిగారు? మన తాతలు తవ్విన దారిలో, మన తాతలు నడిపిన కేజీలో దిగారు. ఆ తాతలు రోజూ దిగి రావడానికి చద్దిమూట కట్టి పంపిందెవరు? రాక్‌బరస్ట్ అని కబురు తెలియగానే షాఫ్టు దగ్గరికి పరుగెత్తిందెవరు? ఈ ప్రశ్నలు వేస్తే మన పిల్లలకు విజ్ఞానశాస్త్రం ఎక్కడో కలకత్తాలో, అమెరికాలో జరిగేది కాదని తెలుస్తుంది. తమ నాయనమ్మ పేరు కూడా అందులో ఉందని తెలుస్తుంది.

ఆ అమ్మాయి ఇంట్లో

మొదట్లో పేరడిగిన అమ్మాయి సంగతికి వస్తాము. ఆ విజ్ఞాన దినోత్సవం తర్వాత వారానికే ఆ అమ్మాయి మధ్యాహ్నాలు బడికి రావడం మానేసింది. తర్వాత మొత్తం మానేసింది. లోకసుందరి కథ పూర్తిగా చెప్పేలోపే, అడిగినపిల్ల తరగతిలో లేదు. నాలుగు రోజులు చూసి ఒక ఆదివారం ఇంటికి వెళ్లాము.

తల్లి బెంగళూరులో పనికి పోతుంది. తెల్లారక ముందే మారికుప్పం రైలు ఎక్కి, చీకటి పడ్డాక దిగుతుంది. అన్న ఎస్ఎస్ఎల్‌సి. పరీక్షలు దగ్గరపడ్డాయి. చిన్న తమ్ముడు ఒకడు ఉన్నాడు. ఇల్లు, వంట, తమ్ముడు, కొళాయి దగ్గర నీళ్లు అన్నీ ఆ అమ్మాయి మీద పడ్డాయి.

"వాడు పాసైతే ఇల్లు పాసైనట్టే టీచర్" అంది తల్లి. "ఈ పాప రెండు నెలలు బడి మానితే ఏమైతాది? తొమ్మిదో తరగతే కదా. వచ్చే ఏడు చదువుకుంటాది."

ఆ తల్లిని తప్పుపట్టలేము. తెల్లవారుజామున నాలుగింటికి లేచే మనిషికి మేము పాఠం చెప్పడమేమిటి? "అమ్మా, ఈ పాప మమ్మల్ని ఒక ప్రశ్న అడిగింది. జవాబు చెబుదామని వచ్చాము" అన్నాము. ఆ అరుగు మీదే కూచుని లోకసుందరి గురించి, శేషగిరి గురించి చెప్పాము. అన్న పుస్తకం మూసి విన్నాడు. శేషగిరి బిడ్డ పోయిన సంగతి దగ్గర తల్లి కొంగుతో కళ్లు తుడుచుకుంది. చివరికి మేము ఒకటే అడిగాము. "ఇంటికోసం ఎవరో ఒకరు చేయాల్సిందే కదమ్మా. ఆ ఒకరు రోజూ ఈ పాపే ఎందుకు కావాలి?"

ఆమె వెంటనే ఏమీ అనలేదు. కొడుకు వైపు చూసింది. వాడే, "నీళ్లు నేను పట్టుకొస్తానమ్మా. సాయంత్రం గిన్నెలు కూడా" అన్నాడు. తమ్ముణ్ణి పగటిపూట పక్కింటి అవ్వ చూస్తానంది. అన్నీ ఒక్కరోజులో సర్దుకోలేదు. ఆ అమ్మాయి రెండు రోజులు వచ్చి ఒకరోజు మానేది. వచ్చినా నిద్రమొహంతో వచ్చేది. కానీ వార్షిక పరీక్షలు రాసింది. అన్న కూడా పాసయ్యాడు. గిన్నెలు తోమినందుకు వాడికి మార్కులేమీ తగ్గలేదు.

మనం చేయగలిగినవి

ఈ అనుభవం తర్వాత మా బడిలో కొన్ని చిన్న అలవాట్లు మొదలుపెట్టాము. డబ్బు ఖర్చు లేనివి, ఏ బడిలోనైనా చేయదగినవి కాబట్టి ఇక్కడ పంచుకుంటున్నాము.

ఏ శాస్త్రవేత్త పాఠం వచ్చినా పిల్లల చేత మూడు ప్రశ్నలు అడిగిస్తున్నాము. ఆయనకు వేళకు అన్నం పెట్టిందెవరు? ఆ చదువుకు డబ్బు ఎక్కడి నుంచి వచ్చింది? పరిశోధనశాలలో పక్కన నిలబడిందెవరు? రామన్ పాఠంలో ఈ మూడింటికీ లోకసుందరి, జీతం వదులుకున్న ఇల్లు, ఆశుబాబు, తోటి పరిశోధకుడు కె.ఎస్.కృష్ణన్ జవాబులుగా వస్తున్నారు. సుబ్బారావు పాఠంలో శేషగిరి, ఆమె తండ్రి, కాకినాడ ధర్మసంస్థ, ఫిస్కే వస్తున్నారు. పిల్లలు గొప్పవాళ్లను ఒంటరి వీరులుగా కాకుండా నలుగురి మధ్య మనుషులుగా చూడటం నేర్చుకుంటున్నారు.

తెలుగు పీరియడులో 'మా ఇంట్లో ఎవరు ఎప్పుడు లేస్తారు' అని ఒక పేజీ రాయిస్తున్నాము. చదివితే ఏ పిల్ల మీద ఎంత బరువుందో ఉపాధ్యాయులకు తెలిసిపోతుంది. సొంత భాషలో రాస్తే పిల్లలు దాచకుండా రాస్తారు. తెలుగు మాధ్యమం ఉండటంలో ఉన్న లాభాల్లో ఇదీ ఒకటి. మనసులో మాట బయటికి రావడానికి భాష అడ్డు పడదు.

పోషకుల సభల్లో పరీక్షల ముందు నెలలో ఆడపిల్లల హాజరును ప్రత్యేకంగా చదివి వినిపిస్తున్నాము. ఇంట్లో ఎస్ఎస్ఎల్‌సి రాసే అబ్బాయి ఉంటే అతని చెల్లెలి హాజరు ఎలా ఉందో చూడమని కమిటీ సభ్యులను అడుగుతున్నాము. రోజుకొక గంట, ఆ గంట ఇంట్లో ఎవరూ ఏ పనీ చెప్పకుండా ఆడపిల్లకు చదువుకునే గంటగా ఉంచమని తల్లిదండ్రులను వేడుకుంటున్నాము. పెద్ద కోరికేమీ కాదు. కలకత్తాలో రామన్‌కు ఎవరో రోజుకు పది గంటలు ఇవ్వగలిగారు కదా.

తోడ్పాటు తక్కువ పని కాదు. లోకసుందరి లేకుండా ఆ దినచర్య లేదు. శేషగిరి ఇంటివాళ్ల డబ్బు లేకుండా ఆ ఓడ ప్రయాణం లేదు. ఆ పనికి పేరుపెట్టి, లెక్కగట్టి, గౌరవించి చెప్పాలి. అలాగే దాన్ని ఒక్క ఆడపిల్ల నెత్తినే పెట్టకూడదు. ఈ రెండూ కలిపి చెబితేనే పాఠం పూర్తవుతుంది.

మరుసటి ఏడాది ఫిబ్రవరి 28న ఆ అమ్మాయి ఎస్ఎస్ఎల్‌సిలో ఉంది. వేదిక మీద రామన్ గురించి మాట్లాడే వంతు ఆమెదే. అన్న కూడా వస్తానన్నాడు. కార్యక్రమం మొదలై పది నిమిషాలు దాటినా కనబడలేదు. మేము గేటు వైపు చూస్తూ ఉన్నాము. చివరికి తమ్ముణ్ణి చంకనేసుకుని ఆయాసపడుతూ వచ్చాడు.

"నీళ్లు లేటుగా వచ్చినాయి టీచర్. నింపిపెట్టి వస్తిని" అన్నాడు.

అప్పటికి వాళ్ల చెల్లెలు మైకు ముందుకొచ్చి మొదటి వాక్యం చెబుతోంది. ఆ వాక్యం లోకసుందరి పేరుతో మొదలైంది.